గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే ముందు గుండె సంగతి అడగండి

మే నెల వచ్చిందంటే దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు ఏ ఊళ్లోనైనా ఆర్‌ఎంపీ గదిలో ఒక సీసా వేలాడుతూనే ఉంటుంది. "సుస్తుగున్నదంటే ఒక గులుకోజు పెట్టిచ్చినం" అంటారు ఇంటివాళ్లు. పెట్టమని అడిగేదీ వాళ్లే. పెట్టనంటే ఆయన హస్తవాసి మంచిది కాదని, ముసలామెను బండి మీద కూర్చోబెట్టుకుని పక్కూరికి తీసుకుపోతారు. అందుకే తప్పంతా ఆర్‌ఎంపీల మీద తోసేయడం నాకు సబబుగా అనిపించదు. రాత్రి రెండింటికి తలుపు తడితే తీసేది వాళ్లే.

చిక్కంతా ఆ సీసా వెనకున్న నమ్మకంతోనే. గుండె అంటే మనవాళ్ల లెక్కలో బోరు మోటరు. కరెంటున్నంతసేపు తోడి పోస్తుంది, నీళ్లు ఎక్కువుంటే ఎక్కువ పోస్తుంది. కాబట్టి ఒంట్లోకి ఎంత ద్రవం పోతే అంత బలం. ఈ లెక్కలో గుండె చేసే సగం పని అసలు కనబడనే కనబడదు. గుండె రక్తాన్ని నెట్టేది తక్కువసేపు, నింపుకునేది ఎక్కువసేపు. చాలామంది పెద్దవయసు వాళ్లలో ముందుగా దెబ్బతినేది ఆ నింపుకునే పనే. అలాంటి గుండె మీద గంటలో అర లీటరు ఉప్పునీళ్లు పోస్తే బలం రాదు, ఊపిరాడదు.

ముందు సీసా సంగతే చూద్దాం. 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. పచ్చడి, కారం మెతుకులు దానికి అదనం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసా అయితే అందులో ఉండేది 25 గ్రాముల చక్కెర, సుమారు వంద కేలరీలు. ఒక మోస్తరు జొన్నరొట్టెతో వచ్చే శక్తిని మించదు. మరి ఎక్కించాక తేలిగ్గా ఎందుకుంటుందంటే, నిజంగా నీరు తగ్గిన మనిషికి నీరు దొరికింది కాబట్టి. నీరు తగ్గని మనిషికి గంటసేపు పడుకోవడం వల్ల కొంత, డాక్టర్ చూశాడన్న ధైర్యం వల్ల కొంత. చాలాసార్లు సీసాలో కలిపిన పసుపుపచ్చ బీ కాంప్లెక్స్ రంగు వల్ల కూడా.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. పుస్తకంలో బొమ్మ కన్నా మటన్ కొట్టులో యాట గుండె నయం. ముక్కలు చేయకుండా ఇవ్వమని అడగండి. చేతిలోకి తీసుకుని రెండు పక్కలా నొక్కితే ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క మెత్తగా తగులుతుంది. గట్టిగా ఉన్నది ఎడమ. కొన నుంచి పైదాకా నిలువునా కోస్తే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. మనిషి గుండెలో ఎడమ జఠరిక, అంటే కింది గది, గోడ మందం సుమారు 10 మిల్లీమీటర్లు, కుడిది 3 నుంచి 4. ఎందుకంత తేడా అంటే కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, 25 మిల్లీమీటర్ల పాదరసపు పీడనంతో పనైపోతుంది. ఎడమది తల నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి, 120 కావాలి.

కోసిన ఎడమ జఠరికలో గోడ నుంచి లేచిన కండ మొటిమలు, వాటి నుంచి పైకి పోయే తెల్లటి సన్నని తంతువులు కనిపిస్తాయి. ఆ తంతువుల పై కొసలు పల్చటి రెండు పొరలకు అతుక్కుని ఉంటాయి. అదే ద్విపత్ర కవాటం, ఎకో, అంటే గుండె స్కానింగ్, రిపోర్టులో మైట్రల్ వాల్వు అని రాసేది. ఒక తంతువును వేలితో లాగి చూడండి. పొర కదులుతుంది కానీ వెనక్కి తిరగబడదు. జఠరిక బిగుసుకున్నప్పుడు రక్తం పైకి తన్నితే ఈ పొరలు కర్ణికలోకి, అంటే పై గదిలోకి, తిరగబడకుండా ఆపేది ఈ దారాలే. ఇవి తెగితే ప్రతి దెబ్బకూ కొంత రక్తం వెనక్కే పోతుంది. ఎడమ జఠరిక నుంచి ఒంటికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం బృహద్ధమని. దాన్ని అర అంగుళం వదిలి కోసి, పైనుంచి నీళ్లు పోస్తే మూడు చిన్న జేబులు నిండి ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. చుక్క కిందికి దిగదు. ఆ జేబుల పైనే రెండు చిన్న రంధ్రాలుంటాయి, అగ్గిపుల్ల పట్టేంత. గుండె కండకు రక్తం పోయే దారులు అవే.

గుండె నిమిషానికి 72 సార్లు కొడితే ఒక్కో దెబ్బకు 0.8 సెకను పడుతుంది. అందులో జఠరికలు బిగుసుకునేది 0.3 సెకను. మిగతా 0.5 సెకను వదులై నింపుకోవడానికే. వరుస ఇది: కుడి కర్ణిక పైభాగంలో పుట్టిన విద్యుత్ సంకేతం రెండు కర్ణికలనూ బిగిస్తుంది. కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న కణుపు దగ్గర ఆ సంకేతం 0.1 సెకను ఆగుతుంది. ఆ ఆగడం వల్లనే కర్ణికల్లోని చివరి రక్తం కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. తర్వాత సంకేతం జఠరికల కొన దాకా పాకి కింది నుంచి పైకి పిండుతుంది. కర్ణిక, జఠరికల మధ్య కవాటాలు మూసుకున్న చప్పుడు "లబ్". రెప్పపాటు కన్నా తక్కువసేపు నాలుగు కవాటాలూ మూసే ఉంటాయి. రక్తం ఎటూ కదలదు, పీడనం ఒక్కటే పెరుగుతుంది. ఎడమ జఠరికలో అది 80 దాటగానే బృహద్ధమని కవాటం తెరుచుకుని రక్తం ఎగజిమ్ముతుంది. పీడనం తగ్గి ఆ కవాటం మూసుకుంటే "డబ్". అక్కడి నుంచి నింపుకోవడం మొదలు.

నిండిన ఎడమ జఠరికలో సుమారు 120 మిల్లీలీటర్లు ఉంటాయి. బయటికి పోయేది 70. ఇంకో 50 లోపలే మిగులుతుంది. 70ని 72తో గుణిస్తే నిమిషానికి 5 లీటర్లు. మనిషి ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 5 లీటర్లు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే ఈ తరహా లెక్కే వేసి వైద్యం దారి మార్చాడు. అరగంటలో గుండె నుంచి బయటికి పోయే రక్తం ఒంట్లో ఉన్నదానికంటే ఎక్కువ, అంత రక్తం తిన్న తిండి నుంచి అప్పటికప్పుడు తయారయ్యే వీల్లేదు, కాబట్టి పోయిందే తిరిగి రావాలి అన్నాడు. వచ్చిందే పోతుంది. గుండె తన సొంతంగా ఒక్క చుక్క కూడా కలపదు.

ఇక నిండడం గురించి. ఇది ఊరికే జరిగే పని కాదు. కండ బిగుసుకోవాలంటే కణంలోకి కాల్షియం వదలాలి. వదులవ్వాలంటే ఆ కాల్షియాన్ని తిరిగి కణంలోని దాని నిల్వ అరలోకి తోడెయ్యాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. అందుకే గుండెకు రక్తం తగ్గినప్పుడు బిగుసుకునే బలం కన్నా ముందు వదులయ్యే గుణం పోతుంది. ఇంకో సంగతి, ఎడమ జఠరిక కండకు రక్తం ఎక్కువగా అందేది అది వదులుగా ఉన్నప్పుడే. బిగుసుకున్నప్పుడు తన రక్తనాళాలను తనే నొక్కేసుకుంటుంది. గుండె జోరుగా కొడుతుంటే తగ్గేది ఎక్కువగా ఈ వదులు సమయమే. నిమిషానికి 150 కొడితే ఒక దెబ్బకు దొరికేది 0.4 సెకను మాత్రమే. నింపుకోవడానికీ తినడానికీ రెండింటికీ వ్యవధి చాలదు.

ఆరోగ్యంగా ఉన్న గుండెకు ఒక మంచి గుణం ఉంది. ఎక్కువ నిండితే కండ సాగి, అంత గట్టిగా పిండుతుంది. 20వ శతాబ్దం మొదట్లో స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలతో చూపించాడు. కుడి, ఎడమ గుండెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే లెక్క సరిచూసుకునేది ఈ గుణంతోనే. ఈ లెక్క ఎంత ఖచ్చితంగా ఉండాలో చూడండి. కుడి గుండె ప్రతి దెబ్బకూ ఎడమ కన్నా ఒక్క మిల్లీలీటరు ఎక్కువ పంపుతుంటే, నిమిషానికి 72, గంటకు నాలుగు లీటర్ల పైచిలుకు ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

పోలిక కావాలంటే బోరు మోటరు వదిలేసి కల్వకుర్తి ఎత్తిపోతలు తీసుకోండి. కృష్ణ నీళ్లను ఎల్లూరు దగ్గర ఒకసారి ఎత్తుతారు, అవి సింగోటం జలాశయానికి చేరతాయి, జొన్నలబొగుడ దగ్గర మళ్లీ ఎత్తుతారు, గుడిపల్లిగట్టు దగ్గర మూడోసారి. జొన్నలబొగుడ పంపులు మందగించి ఎల్లూరు మాత్రం నడుస్తూనే ఉంటే ఏమవుతుంది? కింద నీళ్లు అందవు, మధ్యలో సింగోటం పొర్లుతుంది. మనిషిలో ఆ సింగోటం ఊపిరితిత్తులు. ఎడమ గుండె మందగిస్తే ఒంటికి రక్తం చాలక సుస్తు, వెనక రక్తం నిలిచి ఆయాసం, రెండూ ఒకేసారి వస్తాయి. సుస్తును చూసి ఆర్‌ఎంపీ ఎల్లూరులో ఇంకో పంపు వేస్తున్నాడు, అంతే సంగతి.

ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో పీడనం మామూలుగా 10 దగ్గర ఉంటుంది. ఎడమ కర్ణికలో పీడనం 18 దాటితే నీరు నాళాల గోడలు దాటి ఊపిరితిత్తుల కణజాలంలోకి చెమ్మగిల్లుతుంది. 25 దాటితే గాలి తిత్తుల్లోకే దిగుతుంది. అప్పుడొచ్చే దగ్గులో నురగ ఉంటుంది, ఒక్కోసారి లేత ఎరుపు. సీసా పెట్టాక రాత్రి "దమ్మొస్తున్నది, పండుకోనిస్తలేదు" అని లేచి కూర్చునేది ఇందుకే.

మన దగ్గర ఎక్కువగా నిండలేని గుండెలు ఎవరివి? మొదట బీపీ వాళ్లవి. "నాకేం తెలుస్తలేదు, మంచిగనే ఉన్న" అని బీపీ గోలీలు బంద్ చేసినవాళ్లవి. ఏళ్ల తరబడి 160, 170కి ఎదురుగా పిండీ పిండీ ఎడమ జఠరిక గోడ 10 నుంచి 14, 15 మిల్లీమీటర్లకు లావెక్కుతుంది. లావైన గోడ గట్టిపడుతుంది, లోపలి గది చిన్నదవుతుంది. ఇక్కడే చాలామంది ఎకో రిపోర్టు చూసి మోసపోతారు. "ఈఎఫ్ 60 ఉంది, గుండె మస్తుగుంది" అంటారు. ఈఎఫ్ అంటే నిండినదాంట్లో ఎంత శాతం బయటికి పోయిందనే లెక్క. 120 నిండి 70 పోతే 58 శాతం. గట్టిపడిన గుండెలో 80 నిండి 48 పోతే 60 శాతం. శాతం చూస్తే రెండోదే మేలు. నిమిషానికి లెక్కేస్తే మొదటిది 5 లీటర్లు, రెండోది మూడున్నర లీటర్లు కూడా కాదు. రిపోర్టులో ఈఎఫ్ కింద డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్, అంటే నింపుకోవడంలో లోపం, అని రాసి పక్కన గ్రేడ్ వేసే లైను ఒకటి ఉంటుంది. చదవాల్సింది అది. గ్రేడ్ 1 అంటే అరవై దాటిన చాలామందిలో ఉండేదే, కంగారు అక్కర్లేదు. గ్రేడ్ 2, 3 అయితే ఈ మనిషికి సీసాలు లెక్క చూసి పెట్టాలని అర్థం.

రెండో రకం కీళ్లవాతం వల్ల కవాటం ఇరుకైన ఆడపిల్లలు. చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత కీళ్లవాపు, జ్వరం వచ్చి తగ్గుతాయి, ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత పది, పదిహేనేళ్లు గడిచేసరికి మైట్రల్ వాల్వు పొరలు అతుక్కుని, 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి ఒకటిన్నర లోపుకు వస్తుంది. అప్పుడు పెళ్లి, కడుపు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఇరుకు దారిలో ఎక్కువ రక్తం, తక్కువ సమయంలో పోవాలి. ఆరు, ఏడు నెలలకు ఆయాసం మొదలవుతుంది. "కడుపుతో ఉన్నప్పుడు దమ్ము రాదా ఏంది" అని ఇంట్లో సర్దిచెబుతారు, రక్తం తక్కువని సీసా పెట్టిస్తారు. పడుకుంటే ఆయాసం ఎక్కువై లేచి కూర్చుంటుంటే అది రక్తహీనత ఖాతాలో రాయొద్దు, ఎకో చేయించాలి. బెలూన్‌తో ఆ దారిని వెడల్పు చేసే వీలుంది, గర్భంతో ఉన్నా చేస్తారు. కీళ్లవాతం ఒకసారి తేలిన పిల్లలకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి తప్పకుండా వేయించేది కూడా ఆ కవాటం అంతదాకా పోకుండా ఉండడానికే.

మూడోది, కర్ణికలు కొట్టుకోవడం మాని వణికే జబ్బు. నాడి చూస్తే లయ తప్పి ఎట్లా పడితే అట్లా తగులుతుంది. కర్ణికల చివరి నెట్టుతో మామూలు గుండెకు వచ్చేది ఐదో వంతు రక్తం. గట్టిపడిన గుండెకు అంతకంటే ఎక్కువే దాని మీద ఆధారం. అది పోయి, వేగం 140 దాటితే నిన్నటిదాకా చేనుకు పోయిన మనిషి ఇవాళ మెట్లెక్కలేడు.

ఇంత చెప్పాక సీసా అసలే వద్దంటానని అనుకోవద్దు. గుండె ఖాళీ అయ్యే రోజులు కూడా మన ఎండల్లో తక్కువేం కాదు. ఎండలో గట్టి పని చేస్తే గంటకు లీటరు చెమట పోవచ్చు. నీరు తగ్గితే గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది, 70 పోయే చోట 45 పోతుంది, ఆ లోటు పూడ్చడానికి నాడి 110కి లేస్తుంది. ఒంట్లో రక్తంలో సుమారు మూడింట రెండు వంతులు సిరల్లోనే ఉంటుంది. నిలబడితే అది కాళ్లలోకి జారుతుంది, పిక్కల కండలు నడకతో పైకి పిండితేనే తిరిగొస్తుంది. చెమటతో తడిసి, క్యూలో కదలకుండా నిలబడ్డ మనిషి కళ్లు తిరిగి పడేది అందుకే. ఇతనికి ద్రవం కావాలి. కానీ తాగగలిగితే నోటితోనే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి గుక్క గుక్కగా పట్టాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. వాంతులు ఆగకపోతేనో, మనిషి మగతలో ఉంటేనో సూదితో ద్రవం ఎక్కించడం అవసరం. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. సీసా కోసం వెతక్కుండా ముందు ఒంటిమీద నీళ్లు పోసి గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

పడిపోయినవాణ్ని, ఆయాసపడేవాణ్ని మనవాళ్లు చూసే తీరు సరిగ్గా తలకిందులు. కళ్లు తిరిగి పడ్డవాణ్ని లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్లు పోస్తారు. ఆయాసపడుతున్నవాణ్ని "జరసేపు పండుకో" అని వెల్లకిలా పడుకోబెడతారు. పడుకున్నప్పుడు కాళ్ల నుంచి అర లీటరు దాకా రక్తం ఛాతీలోకి వస్తుంది. పడ్డవాడికి కావాల్సింది అదే, కాబట్టి పడుకోబెట్టి కాళ్లు అడుగెత్తు లేపాలి. ఆయాసపడేవాడిని చంపేది కూడా అదే, కాబట్టి మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి నిటారుగా కూర్చోబెట్టాలి.

సీసా ముట్టుకునే ముందు చూడాల్సినవి ఐదు నిమిషాల పని. ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు, ఈ మధ్య ఒకటి పెరిగిందా? అర్ధరాత్రి ఊపిరాడక లేస్తున్నారా? చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట మిగిలిందా? మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగారా? అది కొవ్వు కాదు, నీరు. సగం వాలి కూర్చున్నప్పుడు మెడ సిర ఉబ్బి దవడ దాకా కనబడుతోందా? బీపీ ఎంత, నాడి ఎంత, లయ తప్పిందా? స్టెతస్కోపు ఉంటే వీపు కింది భాగంలో చిటపట శబ్దం ఉందా? వీటిలో ఒక్కటి అవునన్నా సీసా ఆపి ఎకో, ఈసీజీ ఉన్న చోటికి పంపాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, అన్నింటికీ హైదరాబాదు పోనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ల సుస్తు విషయంలో ఇంకో మాట. వాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా చెమటలు, సుస్తుతోనే రావచ్చు. ఈసీజీ తీయకుండా సీసా పెట్టి గంట పోగొడితే ఆ గంటలో పోయిన గుండె కండ తిరిగి రాదు.

తప్పక పెట్టాల్సి వచ్చినా వేగం చూడాలి. మామూలు సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు, అంటే అర లీటరుకు పది వేల చుక్కలు. నాలుగు గంటల్లో పోవాలంటే నిమిషానికి 42. మన గదుల్లో "బస్సుకు పోవాలె, జర జల్దీ పోనియ్యి" అంటే చక్రం పూర్తిగా తిప్పేస్తారు, అరగంటలో సీసా ఖాళీ. పెద్దవయసు వాళ్లకు 200 మిల్లీలీటర్లు పోయాక ఒకసారి ఆపి, ఊపిరి లెక్కపెట్టి, వీపు విని, అప్పుడు మిగతాది. ఊపిరి నిమిషానికి 24 దాటితే సూది తీయకుండా సీసా మాత్రం మూసేయాలి, ఆ సూదితోనే తర్వాత మందు వేయొచ్చు.

ఆయాసం మొదలైపోతే కూర్చోబెట్టి 108కి చేయండి. ఉంటే ఆక్సిజన్ పెట్టండి. వాళ్లు ఒంట్లో నీరు తీసే ఫ్రూసెమైడ్ ఇంజెక్షన్ ఇస్తే కాసేపటికే మూత్రం జారీ అవుతుంది, అంతకు ముందే సిరలు వదులై కొంత తెరిపి దొరుకుతుంది. వచ్చినవాళ్లకు ఏ సీసా, ఎన్ని, ఎప్పుడు ఎక్కించారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని ఖాళీ సీసాలు మంచం కింద దాచేస్తే, ఆసుపత్రిలో డాక్టర్ బీపీ తక్కువుందని మరో సీసా రాసే ప్రమాదం ఉంది.